కూర్పు బల్ల మీద మనిషి ముఖం



మన పాత తెలుగు సినిమాల మొదట్లో పేర్లు పడేటప్పుడు ‘కూర్పు’ అనే మాట కనిపించేది. దాని కింద ఒక పేరు వచ్చి, చదివేలోగానే మాయమైపోయేది. ఇప్పుడు అందరూ ఎడిటింగ్ అనే అంటున్నారు. పూలను మాలగా కూర్చినట్టు విడివిడి దృశ్యాలను ఒక వరుసలో కూర్చడమని ఆ పాత మాటకు భావం. ఆ పని చేసేవారి నోట మాత్రం ఎప్పుడూ వినిపించేది ‘కట్’ అన్న మాటే. కూర్చడం, కోయడం రెండూ ఒకే చేతి పనులు. ఆ చేతి కింద ఉన్నది ఒక మానసిక రోగి ముఖం, ఒక మానసిక రోగి గొంతు అయినప్పుడు ఆ చేతికి ఏయే బాధ్యతలు ఉంటాయన్నదే ఈ వారం మన ప్రశ్న.

ఈ ప్రశ్న ఒకప్పుడు మనదాకా వచ్చేది కాదు. ఆ పనంతా మద్రాసులో, కోడంబాకం చుట్టుపక్కల స్టూడియోల చీకటి గదుల్లో జరిగేది. తడ నుంచి అక్కడికి పట్టున వంద కిలోమీటర్లు లేకపోయినా, ఆ గదుల గడప తొక్కినవారు మనలో ఎందరు? ‘స్వాతిముత్యం’ తీసిన కె. విశ్వనాథ్ గారు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేసిన తర్వాతనే దర్శకులయ్యారు. (1986లో వచ్చిన ఆ సినిమాలో కథానాయకుడిది మానసిక వ్యాధి కాదు, బుద్ధి వికాసంలో ఉన్న లోటు. ఈ రెండూ ఒకటేననుకునేవారు ఇంకా మన మధ్య చాలామందే ఉన్నారు గనుక చెబుతున్నాను.) ఈనాడు అదే పని జేబులోని ఫోనులో అవుతోంది. షార్ట్ ఫిలిం తీయాలని ఉబలాటపడే యువకులు ప్రతి విచారణలోనూ ఉన్నారు. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ అనే స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ, మానసిక ఆరోగ్యం మీద సినిమా ఉత్సవాలు, షార్ట్ ఫిలిం పోటీలు కూడా నిర్వహించింది. కనుక ఇది దూరపు సంగతి కాదు.

ఒక ఊహ చేద్దాం. తడలో ఒక కుర్రాడున్నాడు. డిగ్రీ ముగించి శ్రీసిటీలో షిఫ్టు పనికి పోతున్నాడు. వాళ్ళ పెదనాన్న కొడుక్కి ఎనిమిదేళ్ళుగా స్కిజోఫ్రీనియా. చెన్నైలో చూపించుకుంటున్నాడు, తప్పకుండా మందులు వేసుకుంటున్నాడు, ఇంటి అరుగు మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తుంటాడు. తమ్ముడు సినిమా తీస్తానంటే సరేనన్నాడు. “నన్ను చూసి బెదిరిపోవద్దని చెప్పరా, అంతే చాలు” అన్నాడు. రెండు ఆదివారాలు తీస్తే రెండు గంటల చిత్రీకరణ పోగైంది. సినిమా పది నిమిషాలే ఉండాలి. అంటే గంటా యాభై నిమిషాలు పోవాలి. ఏది పోవాలో, ఏది మిగలాలో తేల్చేది అన్న కాదు, రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఫోను పట్టుకుని కూర్చున్న తమ్ముడు.

అన్న ఒప్పుకున్నది కెమెరా ముందు కూర్చోవడానికి. తన ముఖం పక్కన ఏ దృశ్యం వస్తుందో, తన మాట కింద ఏ సంగీతం మోగుతుందో ఆయనకు తెలియదు. తెలియని దానికి ఎవరైనా ఎలా ఒప్పుకోగలరు? చిక్కంతా ఇక్కడే ఉంది.

ఏ దృశ్యం పక్కన ఏది వస్తే ఏమవుతుందో చూపించే పాత కథ ఒకటుంది. దాదాపు నూరేళ్ళ కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడని సినిమా చదువు చదివిన ప్రతివారూ చెబుతారు. మొజ్జూఖిన్ అనే నటుడి ముఖం తీసుకున్నాడు. అందులో ఏ భావమూ ప్రత్యేకంగా లేదు. ఆ ముఖం తర్వాత ఒక సూపు గిన్నె చూపిస్తే ప్రేక్షకులకు ఆకలి కనబడింది. పిల్ల శవపేటిక చూపిస్తే దుఃఖం కనబడింది. ఒక స్త్రీని చూపిస్తే కోరిక కనబడింది. ముఖం మాత్రం మొదటినుంచీ ఒక్కటే.

ఇప్పుడు మన తడ అన్న ముఖం దగ్గరికి వద్దాం. ఆ ముఖంలో కదలిక తక్కువ. ఆ జబ్బుకున్న ఒక లక్షణమే అది. కొంత మందుల వల్ల కూడా అవుతుంది. అలాంటి ముఖం కూర్పు చేసేవాడి చేతిలో ఖాళీ పలక లాంటిది, ఏది రాస్తే అది పడుతుంది. వాకిట్లో ఆడుకుంటున్న పాపను ఆ ముఖం పక్కన పెడితే ప్రేక్షకుడి గుండె గుభేలుమంటుంది, ‘ఈయన దగ్గర పసిబిడ్డను వదిలారేమిటి?’ అని. ఆ పాప ఆయన మేనకోడలు కావచ్చు, రోజూ ఆయన చేతి ముద్ద తినే పిల్ల కావచ్చు. ఎవరూ ఒక్క అబద్ధం చెప్పలేదు. రెండు నిజమైన దృశ్యాలను పక్కపక్కన పెట్టారు, అంతే. నోటితో చెబితే పరనింద అయ్యేది రెండు ముక్కలు అతికిస్తే కాకుండా పోతుందా?

చేతుల సంగతీ అంతే. కూర్పు చేసేవారికి వణికే చేతి క్లోజప్ అంటే చాలా ఇష్టం. వ్యాధి తీవ్రతను ఒక్క దృశ్యంలో చెప్పేశామని తృప్తి పడతారు. కాని పాతరకం మందులు కొన్నింటివల్ల చేతులు వణుకుతాయి, ఒళ్ళు బిగుసుకుంటుంది, నోరు ఎండిపోతుంది. అంటే జనం ‘పిచ్చి’ అని చూసి భయపడేది చాలాసార్లు వైద్యం తాలూకు గుర్తునే. బాగుపడాలని మందు మింగుతున్న మనిషిని ఆ మందు చిహ్నంతోనే భయంకరుడిగా చూపించడం ఎంత అన్యాయమో ఆలోచించండి. ఆ చెయ్యి వణుకుతూనే వలకు ముడి వేస్తుంది. ముడి పడేదాకా ఆ దృశ్యాన్ని ఉంచితే అది పనివాడి చెయ్యి అవుతుంది. దానికి మూడు నాలుగు సెకన్లు ఎక్కువ పడతాయి.

ఇక మౌనం. ఇది నాకు అన్నిటికంటె కష్టమైన ప్రశ్నగా తోస్తుంది.

“ఉద్యోగం ఎందుకు మానేశావన్నా?” అని తమ్ముడు అడుగుతాడు. పద్నాలుగు సెకన్లు ఏమీ లేదు. అన్న నేలచూపు చూస్తాడు. ఎదురుగా హైవే మీద లారీ పోతుంది. తర్వాత, “నిద్ర పట్టేది కాదురా” అంటాడు. ఆ పద్నాలుగు సెకన్లను కోసేస్తే ఏమవుతుంది? ‘ఎందుకు మానేశావు?’ ‘నిద్ర పట్టేది కాదు.’ చటుక్కున వచ్చిన జవాబు. సోమరిపోతు చెప్పే సాకులా ఉంటుంది. కోయకుండా ఉంచితే, ఇన్నేళ్ళ బాధలోంచి ఒక మాటను వెతికి తెచ్చి చేతికిచ్చిన మనిషి కనిపిస్తాడు. కాని ప్రతి ప్రశ్నకూ ఆ వ్యవధి అంతా ఉంచితే పది నిమిషాల సినిమాలో ఆరు మాటలే ఉంటాయి, చూసేవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. కోసిన చోట అతుకు కనబడకుండా సరస్సు మీద ఎగిరే రాజహంసలను అడ్డం పెట్టడం ఇంకో పద్ధతి. అందంగానే ఉంటుంది. అన్న గలగలా మాట్లాడతాడన్న భ్రమ మాత్రం మిగులుతుంది. రేపు ఆయన నిజంగా ఎదురుపడితే, ‘సినిమాలో బాగానే మాట్లాడాడే, ఇప్పుడేమిటి ఇలా’ అని జనం అనుకుంటారు.

నా మట్టుకు నాకు తోచేదేమంటే, మొదటి మౌనాన్ని, సినిమా మొదట్లోనే, ఒక్క సెకను కూడా తగ్గించకుండా ఉంచాలి. ఈ మనిషి నడక ఇది, మీరు కొంచెం ఆగండి అని ప్రేక్షకుడికి అక్కడే తెలిసిపోతుంది. తర్వాతి మౌనాలను కుదించినా ఫరవాలేదు. ఒకసారి ఆగడం నేర్చుకున్నవాడు ఆ తర్వాత సెకన్లు లెక్కపెట్టడు.

శబ్దం పనిచేసేవారికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది: మౌనం ఖాళీగా ఉండదు. అందుకే వారు ఎవరినీ మాట్లాడనివ్వకుండా ఒక నిమిషంపాటు ఆ గదిలోని నిశ్శబ్దాన్నే రికార్డు చేసుకుంటారు. మాటల మధ్య కోసిన చోట్ల దాన్ని పరుస్తారు. లేకపోతే ఆ చోట చెవికి గొయ్యి తగిలినట్టుంటుంది. తడలో ఆ ఒక్క నిమిషంలో ఏముంటుంది? పదహారో నెంబరు జాతీయ రహదారి మీద చెక్‌పోస్టు వైపు పోయే లారీలు, గూడూరు, చెన్నైల మధ్య తిరిగే రైలు కూత, కాకులు, పక్కింటి మిక్సీ. ఫోనులో ఒక బొత్తాం నొక్కితే ఈ చప్పుళ్ళన్నీ పోయి గొంతు ఒక్కటే శుభ్రంగా మిగులుతుంది. దానితోపాటు ఆయన ఊపిరీ పోతుంది, ఊరూ పోతుంది. ఏ ఊరికీ చెందని గొంతు ఒకటి గాలిలో వేలాడుతుంది. రోగి మనలోనివాడు కాడని ప్రేక్షకుడి చెవికి చెప్పడానికి ఇంతకంటె సులువైన దారి లేదు.

చెవుల సంగతి వచ్చింది గనుక, స్కిజోఫ్రీనియాలో చాలామందికి వినిపించే గొంతుల విషయం చెప్పాలి. సినిమాలో వీటిని ఎలా వినిపిస్తారో మనకు అలవాటే. ఒకేసారి పదిమంది గుసగుసలు, ప్రతిధ్వనులు, కీచుమనే వయొలిన్లు. 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో స్నానాల గది హత్యకు సంగీతం వద్దని ఆయన మొదట అనుకున్నాడట. బెర్నార్డ్ హెర్మన్ తీగల వాద్యాలతో చేసిన ఆ అరుపు లాంటి సంగీతం విన్నాక మనసు మార్చుకున్నాడు. అది గొప్ప పనితనమే, కాదనను. అయితే మనసు చెదిరినవాడంటే కత్తి పట్టుకున్నవాడే అన్న భయాన్ని ఆ రెండు మూడు స్వరాలు ప్రపంచమంతటా మోసుకుపోయాయి. ఈరోజు ఫోనులో ‘భయం’ అన్న పేరు కింద ఉచితంగా దొరికే శబ్దాలు చాలావరకు ఆ కుటుంబంలోవే.

మరి నిజంగా ఆ గొంతులు ఎలా ఉంటాయి? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన తాన్యా లూర్మన్ అనే మానవశాస్త్రవేత్త, చెన్నై స్కార్ఫ్ వారితోనూ ఆఫ్రికాలోని ఘనా దేశపు పరిశోధకులతోనూ కలిసి ఈ విషయమే ఆరా తీశారు. కాలిఫోర్నియాలో 20 మంది, ఘనా రాజధాని ఆక్రాలో 20 మంది, చెన్నైలో 20 మంది. మీకు వినబడే గొంతులు ఎవరివి, ఏమంటాయి అని అడిగారు. ఆ ఫలితాలు 2015లో ఒక బ్రిటిష్ మనోవైద్య పత్రికలో అచ్చయ్యాయి. అమెరికా వారు ఎక్కువగా చెప్పింది ముక్కూమొహం తెలియనివారి గొంతులు, హింస, కొట్టమనడం, చంపమనడం. ఆక్రాలో చాలామంది దేవుని స్వరం గురించి చెప్పారు. చెన్నైలో సగం మందికి పైగా చెప్పినది బంధువుల గొంతులు. పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పినట్టు ఇంటి పనులు చెప్పడం, మందలించడం. అరవైమందితో జరిగినది చిన్న పరిశీలనే. మన దేశంలో అందరి గొంతులూ మెత్తనివని దాని అర్థం కాదు, కొందరిని అవి నిజంగానే నరకయాతన పెడతాయి. అయినా తడకు కూతవేటు దూరంలాంటి చెన్నైలో తేలిన సంగతి ఇది. దీన్ని వదిలేసి అమెరికా సినిమా గుసగుసలను మన అన్న చెవిలో పోయడమెందుకు?

మన ఊహలోని అన్నకు వినిపించేది చనిపోయిన అవ్వ గొంతు అనుకోండి. “నీళ్ళు తోడినావా? ఒల ఆరేసినావా? ఇంకా పడుకోనే ఉండావా?” అంటుంది. రోజంతా అంటూనే ఉంటుంది. దీనికి ప్రతిధ్వని అక్కర్లేదు. ఇంట్లోని ఏ ముసలమ్మ గొంతునో మామూలుగా రికార్డు చేసి, మామూలు ధ్వనిలో, అరుగు పక్క గదిలోంచి వచ్చినట్టు పెడితే చాలు. చూసేవాడు మొదట అది నిజంగా ఎవరో పిలుస్తున్నారనే అనుకుంటాడు. గదిలో ఎవరూ లేరని చూపించినప్పుడు అతనికి భయం కలగదు, ‘అయ్యో, ఈయన రోజూ ఇలాగే మోసపోతున్నాడా’ అనిపిస్తుంది. అయితే ఇదంతా ఆ అన్నను అడగకుండా చేయకూడదు. ఆ గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆయన ఒక్కడే. శబ్దం కూర్చేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇంత గట్టిగానా? ఇటు పక్కనుంచా?’ అని అడగవచ్చు. అప్పుడు ఆయన ఆ సినిమాలో వస్తువుగా కాక పనివాడుగా ఉంటాడు.

ఇంత సూక్ష్మంగా ఎందుకు, ముఖం మసకబరిచేస్తే పోలేదా అని కొందరు అడగవచ్చు. అడగడంలో న్యాయముంది. చెన్నై వైపు జనం వేళాకోళానికి ‘కీల్పాక్ కేసు’ అంటారు, హైదరాబాదు వైపు ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. తడ ఈ రెండు నవ్వుల మధ్య, రాష్ట్రపు అంచున ఉంది. ఆ పేర్లు మోసే ఆసుపత్రుల్లో ఎంతమంది కోలుకుని ఇళ్ళకు పోయారో ఆ నవ్వులో లెక్కకు రాదు. ఇంట్లో ఒకరికి జబ్బుందని తెలిస్తే చెల్లెలికి సూళ్ళూరుపేట సంబంధమూ నిలవదు, గుమ్మిడిపూండి సంబంధమూ నిలవదు. కనుక దాచమనే తల్లిదండ్రులను నేను తప్పుపట్టలేను. కాని మసకబరిచిన ముఖం టీవీలో ఎక్కడ చూస్తాం? నేరస్థుల వార్తల్లో. ఆ మసక తనకు తానే ఒక అపవాదు. పైగా చిన్న ఊళ్ళో అది దేన్నీ దాచదు. నడక, చెప్పులు, ఇంటి ముందు వేపచెట్టు, వెనకాల వినిపించే రైలు, వీటిలో ఏది చాలదు ఫలానావారి అబ్బాయి అని చెప్పడానికి? దాచాలనుకుంటే ఆ మనిషి రూపాన్నీ గొంతునూ అసలు వాడకుండా, ఆయన మాటలను ఒక నటుడి చేత పలికించి, నటుడని సినిమాలోనే చెప్పడం మేలు.

అసలు చూపించకపోవడమే మంచిదని మాత్రం అనలేం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టివేసి ఉంచిన మానసిక రోగులు, పాకకు నిప్పంటుకుంటే పారిపోలేక 28 మంది చనిపోయారు. ఆ గొలుసులు దేశానికి కనబడ్డాకే సుప్రీంకోర్టు కదిలింది, ప్రభుత్వాలు కదిలాయి. అమెరికాలో ఫ్రెడరిక్ వైజ్‌మన్ 1967లో ‘టిటికట్ ఫాలీస్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. మాసచూసెట్స్ రాష్ట్రంలో, నేరారోపణ ఉన్న మానసిక రోగులను ఉంచే ఆసుపత్రి కథ అది. అందులో ఒక ముసలి రోగికి ముక్కులోంచి గొట్టం వేసి బలవంతంగా ఆహారం పోస్తారు. పోసే వైద్యుడి నోట్లో సిగరెట్టు వెలుగుతుంటుంది. ఆ దృశ్యం మధ్యమధ్య నిశ్శబ్దంగా కొన్ని ముక్కలు వస్తాయి. అదే మనిషి శవానికి గడ్డం గీసి సిద్ధం చేయడం. బతికున్నప్పటి కంటె చనిపోయాక ఎక్కువ శ్రద్ధ చూపారని ఎవరూ చెప్పనక్కర్లేదు, కూర్పే చెబుతుంది. రోగుల ఆంతరంగికతకు భంగమని కోర్టు ఆ సినిమాను ఆపింది. 1991 దాకా మామూలు జనం చూడడానికి వీల్లేకపోయింది. ఎవరిది న్యాయం? ఆ సినిమా రాకపోతే ఆ గోడల వెనక సంగతి బయటికి తెలిసేది కాదు. అలాగని నిస్సహాయంగా పడి ఉన్న ఆ ముసలాయన ఒళ్ళు లోకం చూడడానికి ఆయన నిండు మనసుతో ఒప్పుకున్నాడని ఎలా అనుకుంటాం? నేను ఎన్నిసార్లు ఆలోచించినా రెండు వైపులా పూర్తిగా ఒరగలేకపోతున్నాను. ఒక్కటి మాత్రం అంటాను. అక్కడ తీసినవాడు అధికారం ఉన్నవారి తప్పును చూపించాడు. మన తమ్ముడి సినిమాలో అలాంటి దోషి ఎవరూ లేరు. ఒక రోగి ఉన్నాడు, ఒక ఇల్లు ఉంది. కనుక ‘లోకానికి తెలియాలి’ అన్న వాదం ఇక్కడ అంత బలంగా నిలవదు.

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక ఆరోగ్య సంస్థలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోగాని సమాచారంగాని ఆ వ్యక్తి అనుమతి లేకుండా ప్రసార సాధనాలకు ఇవ్వరాదని చెబుతోంది. ‘ఆ వ్యక్తి అనుమతి’ అన్నారు, గమనించండి. మన ఇళ్ళలో ఆ మాట మరిచిపోతాం. “మావాడి సంగతి నేను చెబుతున్నాగా, తీసుకోండయ్యా” అని తండ్రి అంటాడు, అంతటితో అయిపోతుంది. సినిమాలోనూ అదే జరుగుతుంది. తల్లి బాగా మాట్లాడుతుంది, ఏడుస్తుంది. ఆ కన్నీళ్ళు కూర్పుకు సులువు. చివరికి చూస్తే పది నిమిషాల్లో తల్లికి ఏడు, అన్నకు మూడు, అందులోనూ సగం కిటికీలోంచి చూస్తున్న ముఖం. ఎవరెవరికి ఎన్ని నిమిషాలు వచ్చాయో కాగితం మీద వేసుకుంటే ఇది ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.

చట్టం అడిగేది ఒక్కసారి అనుమతి. ఈ జబ్బుల్లో మనిషి స్థితి మారుతుంటుంది. హుషారు పొంగిన రోజుల్లో ప్రపంచమంతా తన కథ వినాలనుకునే మనిషే, తేరుకున్నాక సిగ్గుతో కుంగిపోవచ్చు. కనుక తీసేముందు ఒకసారి, కూర్పు పూర్తయ్యాక మొత్తం చూపించి ఇంకోసారి అడగాలి. ఆ రెండోదే అసలైన అనుమతి. ఎందుకంటే తన ముఖం పక్కన ఏముందో ఆయనకు అప్పుడే తెలుస్తుంది. చూపించేటప్పుడు చుట్టూ పదిమంది ఉండకూడదు. మొహమాటానికి ‘బాగుంది’ అనేస్తాడు. ఇది వద్దంటే కారణం అడగకుండా తీసేయాలి. మంచి దృశ్యం పోయిందని తమ్ముడికి ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. కాని ఆ రెండు గంటల చిత్రీకరణ విన్నవాడు ఇంచుమించు పాపసంకీర్తనం విన్న గురువు స్థానంలో ఉన్నాడు. లోకం వినని మాటలు అతను విన్నాడు.

చివర్లో పేర్లు పడేటప్పుడు సాయం కోసం ఒక ఫోను నెంబరు వేయడం మంచి అలవాటు. 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలి-మానస్ ఉంది, నెంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. అది రెండు సెకన్లలో మాయమైతే ఎవరికీ ఉపయోగం లేదు. చూసే తల్లి పెన్ను వెతుక్కుని రాసుకునేంతసేపు, పదిహేను సెకన్లైనా, తెర మీద నిలవాలి.

ఇక వాడకుండా కోసేసిన గంటా యాభై నిమిషాలు. పూర్వం ఫిల్ము ముక్కలు బుట్టలో పడేవి. ఇప్పుడు అవి ఎక్కడికీ పోవు. ఫోనులో ఉంటాయి, మిత్రుడికి పంపిన కాపీలో ఉంటాయి, ఇంటర్నెట్‌లో దాచిన కాపీలో ఉంటాయి. అన్న ఏడ్చిన దృశ్యం, మందు మరిచిన రోజు గోడతో మాట్లాడిన దృశ్యం, చెల్లెలి పేరు చెప్పిన దృశ్యం, అన్నీ అందులోనే. సినిమా ముగిసిన ఆదివారం తమ్ముడు అన్న పక్కన అరుగు మీద కూర్చుని, ఆ దృశ్యాలను ఒక్కొక్కటే చూపించి, ‘ఇది ఉంచనా, తీసేయనా?’ అని అడిగి, తీసేయమన్న వాటిని ఆయన వేలితోనే నొక్కించి తీసేయాలి. దానికి ఒక పూట పడుతుంది.